ఈ బొమ్మ ఎవరిది?



ధ్యాన భాగము: మార్కు సువార్త 12:13-17, 41-44

నాణెం ఎగరేసేటప్పుడు మనం "బొమ్మా? బొరుసా?" అని అడుగుతాం. ఇప్పుడు మన చేతిలోని మామూలు రూపాయి బిళ్ళ మీద మనిషి బొమ్మ లేదు, సింహాల బొమ్మ ఉంది. నోటు తీస్తే మాత్రం గాంధీగారు చిరునవ్వుతో కనబడతారు. ఈమధ్య ఆరాధన ముగిశాక చెట్టు కింద, టీ కొట్టు దగ్గర ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. నోటు మీద ఎవరి బొమ్మ ఉండాలి? గాంధీగారు ఒక్కరే చాలని పెద్దవాళ్ళు కొందరు. అంబేద్కర్‌గారి బొమ్మ వేయాలని మన యువకులు. మా నాయకుడి బొమ్మ ఎందుకు ఉండకూడదని ఇంకొందరు. మాటకు మాట పెరిగి, ఒకే రొట్టెలో పాలు పొందేవాళ్ళు ముఖాలు తిప్పుకునే దాకా వెళ్తోంది. కాబట్టి ఈ వారం చరిత్రను, వాక్యాన్ని పక్కపక్కన పెట్టుకుని ఈ సంగతి ఆలోచిద్దాం.

మా మాట ముందే చెబుతాం. అధికారంలో ఉన్న మనిషి బొమ్మ డబ్బు మీద ఉండకూడదు. కన్నుమూసిన పెద్దలను జనం ప్రేమతో తలచుకుని బొమ్మ వేసుకుంటే అందులో తప్పు లేదు. అయితే ఆ చోటు ఏ ఒక్కరికో రాసిచ్చినట్టు ఉండకూడదు. ఇలా ఎందుకంటున్నామో చూడండి.

దేవాలయంలోకి వచ్చిన దేనారము

పరిసయ్యులు, హేరోదీయులు కలిసి యేసు ప్రభువును మాటలో చిక్కించుకోవాలని వచ్చారు. కైసరుకు పన్ను కట్టవచ్చా లేదా అన్నది వాళ్ళ ప్రశ్న. కట్టమంటే జనానికి కోపం, వద్దంటే రోమా ప్రభుత్వానికి కోపం. ప్రభువు ఒక దేనారము తెచ్చి చూపించమన్నాడు. గమనించండి, ఆయన దగ్గర అది లేదు. అడిగినవాళ్ళే తెచ్చారు. అదీ దేవాలయ ఆవరణంలో.

ఆ దేనారము ఎలా ఉండేదో మనకు బాగానే తెలుసు. అది తిబెరి కైసరు వేయించిన వెండి నాణెమని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. నాలుగు గ్రాములకు కాస్త తక్కువ బరువు. మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీలకు ఒక రోజుకు ముట్టిన కూలి అదే. ఒకవైపు తిబెరి తల, చుట్టూ రాత. ఆ రాతలో అతను తనను దైవమైన ఔగుస్తు కుమారుడని చెప్పుకున్నాడు. రెండోవైపు కూర్చున్న ఒక స్త్రీ రూపం, ఆ పక్కన ప్రధాన యాజకుడు అనే బిరుదు. కూలివాడి చేతిలో పడే రోజు కూలి మీద, నేను దేవుని కుమారుణ్ణి, నేనే యాజకుణ్ణి అని ఒక రాజు రాసుకున్నాడన్నమాట.

యూదులకు ఇది ఎంత కష్టమో ఆలోచించండి. నిర్గమకాండము 20వ అధ్యాయంలోని రెండవ ఆజ్ఞ వాళ్ళకు ప్రాణం. అందుకే యూదయలో వేసిన చిన్న కంచు కాసుల మీద మనిషి తల ఉండేది కాదు. మక్కబీయుల వంశపు రాజులు లంగరు, నక్షత్రం, పువ్వు వంటి గుర్తులు వేయించారు. మహా హేరోదు అంత గర్విష్ఠి అయినా తన ముఖం వేయించుకోలేదు. పొంతి పిలాతు కూడా తన కాసుల మీద రోమా పూజారుల వంకర కర్ర, గరిటె వేయించి అన్యపూజను గుర్తుచేశాడు గాని, కైసరు తల మాత్రం వేయించలేదు. ఉత్తరాన ఇతూరయ, త్రకోనీతి ప్రాంతాలను ఏలిన హేరోదు ఫిలిప్పు మాత్రం కైసరు బొమ్మతోపాటు తన బొమ్మ కూడా వేయించుకున్నాడు. అతని ఏలుబడిలో ఎక్కువమంది అన్యజనులే కాబట్టి అడిగేవాళ్ళు లేకపోయారు.

పిలాతు ఒకసారి కైసరు బొమ్మలున్న సేనాధ్వజాలను రాత్రివేళ యెరూషలేములోకి తెప్పించాడని జోసీఫసు రాశాడు. జనం కైసరయకు నడిచి వెళ్ళి, ఆ బొమ్మలు తీయకపోతే మా మెడలు నరకమని నేల మీద పడుకున్నారు. చివరకు పిలాతే తగ్గాడు. బొమ్మ అంటే వాళ్ళకు అంత పట్టింపు.

అయితే మరో సంగతి కూడా చెప్పాలి. దేవాలయపు పన్నుగా కట్టే అరషెకెలుకు తూరు పట్టణపు వెండి నాణెమే కావాలి. ఆ నాణెం మీద తూరువారి దేవత మెల్కార్తు తల, వెనక గద్ద బొమ్మ ఉండేవి. వెండి నాణ్యమైనది కాబట్టి యాజకులు దాన్నే తీసుకున్నారు. కాసుల మీద మనిషి బొమ్మను ఒప్పుకోనివాళ్ళు, మంచి వెండి అయ్యేసరికి విగ్రహం బొమ్మనే దేవాలయంలోకి రానిచ్చారు. బొమ్మల గురించి గట్టిగా వాదించే మనమందరం దీన్ని గుర్తుంచుకోవాలి. లాభం ఉన్నచోట మన పట్టింపులు మెత్తబడతాయి.

ఆ రోజు ప్రభువు నాణెం చూసి, ఈ బొమ్మ ఎవరిది, ఈ రాత ఎవరిదని అడిగాడు. కైసరుదన్నారు. అయితే కైసరు సొత్తు కైసరుకు, దేవుని సొత్తు దేవునికి చెల్లించమన్నాడు. రెండో మాటలోనే అసలు లోతు ఉంది. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

ముఖం వేయించుకున్నవాళ్ళకు ఏమైంది

రోమాలో మొదట ఈ అలవాటు లేదు. నాణేల మీద దేవతలు, చనిపోయిన పూర్వికులు ఉండేవారు. బ్రతికి ఉన్న మనిషి తల రోమా నగరపు నాణేల మీదికి ఎక్కింది క్రీ.పూ. 44లో, జూలియస్ సీజరుతో. కొద్ది వారాలకే, మార్చి 15న, ఆయనను సెనేట్ సభలో పొడిచి చంపారు. రాజరికం మళ్ళీ వస్తోందన్న భయం ఆ హత్యకు ముఖ్య కారణం. నాణెం మీద తల ఆ భయాన్ని పెంచిన గుర్తుల్లో ఒకటి.

చంపినవారి నాయకుడు బ్రూటస్ తర్వాత ఏం చేశాడో చూడండి. తన సైన్యానికి జీతాలివ్వడానికి నాణేలు వేయించాడు. ఒకవైపు రెండు కత్తులు, మధ్యలో విడుదల పొందిన దాసులు పెట్టుకునే టోపీ, కింద హత్య జరిగిన తేదీ. ఇంకోవైపు తన తల! రాజరికాన్ని చంపామని చెప్పుకున్నవాడే రాజులాగా తన ముఖం వేయించుకున్నాడు. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ దగ్గర యుద్ధంలో ఓడి ప్రాణం తీసుకున్నాడు. పౌలు తర్వాత పత్రిక రాసింది ఆ ఫిలిప్పీ సంఘానికే. ఎదుటివాడి గర్వాన్ని కూల్చినంత తేలిక కాదు, మన గర్వాన్ని కూల్చుకోవడం.

యూదుల కథ కూడా నాణేల మీదే చదవవచ్చు. క్రీ.శ. 66లో తిరుగుబాటు చేసినప్పుడు వాళ్ళు సొంత వెండి షెకెళ్ళు వేసుకున్నారు. వాటి మీద గిన్నె, దానిమ్మలు, పరిశుద్ధ యెరూషలేము అనే రాత ఉన్నాయి, మనిషి బొమ్మ లేదు. 70లో దేవాలయం కాలిపోయాక రోమా చక్రవర్తి వెస్పాసియను తన తల ఒకవైపు, ఖర్జూర చెట్టు కింద ఏడుస్తున్న యూదయ స్త్రీ ఇంకోవైపు వేయించాడు. 132లో బార్ కోఖ్బా నాయకత్వంలో మళ్ళీ తిరుగుబాటు లేచింది. అప్పుడు వాళ్ళకు కొత్త వెండి పోతపోసుకునే తీరిక లేక, రోమా నాణేలనే తీసుకుని చక్రవర్తి ముఖం మీద దేవాలయపు బొమ్మ కొట్టారు. కొన్నిటిలో ఆ గుడి స్తంభాల కింద చక్రవర్తి ముఖపు గీతలు ఇప్పటికీ కనబడతాయి. మూడేళ్ళలో ఆ తిరుగుబాటూ అణగిపోయింది.

మన నేల మీద

ఇదంతా దూరదేశపు కథ అనుకోకండి. నల్గొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో ఔగుస్తు, తిబెరి కాలాల వెండి దేనారాలు కుప్పగా దొరికాయి. మన బట్టలకు, మిరియాలకు, రత్నాలకు బదులుగా ఓడల్లో వచ్చిన వెండి అది. యేసు ప్రభువు చూసి ప్రశ్న అడిగిన నాణెం లాంటివే మన తెలంగాణ మట్టిలో పాతిపెట్టి ఉన్నాయి. మన పూర్వికులకు తిబెరి ఎవరో తెలిసే అవకాశం తక్కువ. వాళ్ళు వెండి తూకం చూశారు. కైసరు తన దైవత్వాన్ని చాటుకున్న రాత, సముద్రం దాటేసరికి ఉత్త గీతలైపోయింది.

ఆ కాలంలోనే శాతవాహన రాజులు గౌతమీపుత్ర శాతకర్ణి వంటివారు తమ తలతో వెండి నాణేలు వేయించారు. తర్వాతి కాలాల్లో మన రాజుల తీరు మారింది. కృష్ణదేవరాయలంతటి రాజు తన బంగారు నాణెం మీద బాలకృష్ణుని రూపం వేయించి, వెనకవైపు తన పేరు మాత్రం రాయించుకున్నాడు. హైదరాబాదు చివరి నిజాం లోకంలోకెల్లా ధనవంతుడని పేరుపడినవాడు. ఆయన రూపాయి మీద ఆయన ముఖం లేదు. చార్మినార్ ఉంది. ఆ కమాను మధ్యలో ఆయన పేరుకు గుర్తుగా ఒక్క అక్షరం ఉంది. మతాలు వేరైనా ఒక సంగతి చూడండి. ముఖం లేకపోయినంత మాత్రాన ఆ రాజుల నాణేలు చెల్లకుండా పోలేదు.

ముఖాన్ని తిరిగి తెచ్చినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు. 1835లో నాలుగో విలియం, 1840 నుండి విక్టోరియా. అప్పటి రూపాయలను మన అమ్మమ్మలు దండలుగా కట్టించుకుని మెడలో వేసుకున్నారు. 1911లో అయిదో జార్జి రూపాయి వచ్చినప్పుడు ఒక చిత్రం జరిగింది. రాజు వేసుకున్న హారంలో ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంది. తొండం పొట్టిగా చెక్కడం వల్ల అది పందిలా కనబడింది. జనంలో గొడవ లేచింది. మా చేతికి పంది బొమ్మ ఉన్న డబ్బు ఇస్తారా అని మండిపడ్డారు. సర్కారు ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, తొండం సరిచేసి మళ్ళీ వేయించింది. సూర్యుడు అస్తమించని రాజ్యమని చెప్పుకున్నవాళ్ళు, గోరంత బొమ్మ దగ్గర తలవంచాల్సి వచ్చింది. డబ్బు అందరి చేతుల్లో తిరిగేది గనుక, దాని మీది బొమ్మ కూడా అందరికీ జవాబు చెప్పాల్సిందే.

1947 తర్వాత పెద్దలు చేసిన పని

ఇక్కడ మనం కాస్త ఆగి చూడాలి. స్వాతంత్ర్యం వచ్చింది. నోటు మీద ఇంకా రాజు బొమ్మే ఉంది. దాన్ని తీసి ఎవరి బొమ్మ వేయాలి? అందరికీ మొదట తోచింది గాంధీగారే. ఆయన బొమ్మతో నమూనాలు కూడా తయారయ్యాయి. కానీ చివరకు పెద్దలు సారనాథ్‌లోని అశోకుని సింహ శిఖరాన్ని ఎంచుకున్నారు. 1949లో వచ్చిన రూపాయి నోటు మీద రాజు పోయి సింహాలు వచ్చాయి. 1950 ఆగస్టు 15న వచ్చిన నాణేల మీద కూడా సింహాలే.

ఆ రోజుల్లో అధికారంలో ఉన్నవాళ్ళు సామాన్యులు కారు. నెహ్రూగారు పదిహేడేళ్ళు ప్రధానిగా ఉన్నారు. కావాలంటే తన బొమ్మ వేయించుకోవడం కష్టం కాదు. ఆయన బ్రతికి ఉండగా ఏ నాణెం మీదా ఆయన తల రాలేదు. 1964 మే నెలలో ఆయన చనిపోయాక, ఆ నవంబరులో జ్ఞాపకార్థ నాణెం వచ్చింది. గాంధీగారి బొమ్మ నోటు మీదికి వచ్చింది 1969లో, ఆయన పుట్టి నూరేళ్ళయిన సందర్భంలో. అంటే ఆయన హతుడైన ఇరవై ఒక్క ఏళ్ళకు. 1987లో అయిదువందల నోటు మీద వచ్చింది. ఇప్పుడు మనం చూసే గాంధీ వరుస నోట్లు 1996లో మొదలయ్యాయి. మన ఎన్టీఆర్‌గారి బొమ్మతో వందరూపాయల జ్ఞాపకార్థ నాణెం 2023లో విడుదలైంది. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏడేళ్ళు.

ఆలస్యం జరిగింది, మంచిదే అయింది. మనిషి పోయాక అతని అధికారం పోతుంది, భయం పోతుంది, అతని వల్ల రావలసిన లాభం పోతుంది. అవన్నీ పోయాక కూడా జనం మనసులో గౌరవం మిగిలితే, అది నిజమైన గౌరవం.

ఇతర దేశాలు నేర్చుకున్న పాఠం

అమెరికాలో 1792లో టంకశాల చట్టం చేస్తున్నప్పుడు, నాణెం మీద అధ్యక్షుడి తల వేయాలని సెనేటు ప్రతిపాదించింది. అప్పుడు అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్, అందరూ మెచ్చిన మనిషి. అయినా కింది సభవాళ్ళు ఇది రాజుల పద్ధతి అని ఒప్పుకోలేదు. స్వేచ్ఛకు గుర్తుగా ఒక రూపం వేయాలని చట్టంలో రాశారు. మామూలుగా చెలామణీ అయ్యే నాణెం మీదికి మొదటి అధ్యక్షుడిగా లింకన్ వచ్చింది 1909లో, ఆయన పుట్టిన నూరేళ్ళకు. మధ్యలో ఒక అధికారి చేసిన పని కూడా ఉంది. నోట్ల ముద్రణ చూసుకునే స్పెన్సర్ క్లార్క్ అనే ఆయన అయిదు సెంట్ల నోటు మీద తన బొమ్మే అచ్చు వేయించుకున్నాడు. కాంగ్రెసు సభ్యులకు కోపం వచ్చింది. 1866లో, బ్రతికి ఉన్నవాళ్ళ బొమ్మలు దేశపు నోట్ల మీద వేయకూడదని చట్టం చేశారు.

ఆఫ్రికాలో ఘనా దేశం 1957లో స్వతంత్రమైంది. నాయకుడు క్వామే ఎన్‌క్రుమా రాణి తల తీసి తన తల వేయించాడు. ఆయన చెప్పిన కారణం తేలికగా కొట్టిపారేసేది కాదు. నా ప్రజల్లో చాలామందికి చదువు రాదు, స్వాతంత్ర్యం వచ్చిందని వాళ్ళకు కంటికి కనబడే గుర్తుతోనే చెప్పాలని ఆయన లండన్ పత్రికలో రాశాడు. మన ఊళ్ళలో నోటును రంగును బట్టి, బొమ్మను బట్టి గుర్తుపట్టే అవ్వలను చూసినవాళ్ళకు ఆ మాటలో నిజం తెలుస్తుంది. అయితే 1966లో సైన్యం ఆయనను దింపేసింది. విగ్రహాన్ని పడగొట్టారు. కొత్త డబ్బు వచ్చింది, దాని మీద ఆయన లేడు. కథ అక్కడితో అయిపోలేదు. ఆయన 1972లో చనిపోయాడు. 2007లో ఘనా కొత్త నోట్లు వేసినప్పుడు స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఆరుగురు నాయకుల బొమ్మ కలిపి వేశారు. ఆ ఆరుగురిలో ఎన్‌క్రుమా ఒకడు. తానుగా తీసుకున్న చోటు తొమ్మిదేళ్ళు కూడా నిలవలేదు. జనం తర్వాత ఇచ్చిన చోట తోటివాళ్ళతో కలిసి నిలబడ్డాడు.

కెన్యాలో ఇంకొక రకం. మొదటి అధ్యక్షుడు కెన్యాట్టా తన ముఖం వేయించాడు. తర్వాత వచ్చిన మోయ్ తన ముఖం వేయించాడు. అధ్యక్షుడు మారితే డబ్బు ముఖం మారాలన్నట్టు తయారైంది. జనం విసిగిపోయారు. 2010లో ఆమోదించిన రాజ్యాంగంలో, నోట్ల మీద నాణేల మీద ఏ వ్యక్తి బొమ్మా ఉండకూడదని రాసుకున్నారు. 2018లో వచ్చిన నాణేల మీద జిరాఫీ, ఖడ్గమృగం, సింహం, ఏనుగు ఉన్నాయి. 2019 నోట్ల మీద ఒక పెద్ద భవనం బొమ్మ వేస్తే, దాని ముందు కెన్యాట్టా విగ్రహం కనబడుతోందని కొందరు కోర్టుకు కూడా వెళ్ళారు. కోర్టు ఆ నోట్లను నిలబెట్టింది. అంత గట్టిగా పట్టుకున్నారంటే, అంతకుముందు ఎంత చూసి ఉంటారో ఆలోచించండి.

దక్షిణాఫ్రికా నెల్సన్ మండేలా బొమ్మతో 2012లో నోట్లు తెచ్చింది. అప్పటికి ఆయన బ్రతికే ఉన్నాడు. కానీ పదవి వదిలి పదమూడేళ్ళయింది. తనంతట తాను కుర్చీ దిగినవాడు గనుక ఎవరూ భయంతో ఆ బొమ్మ వేశారని అనలేం. ఈ ఉదాహరణలన్నీ చూస్తే మాకు అర్థమైంది ఇది. చిక్కు ముఖంతో కాదు, తన ముఖాన్ని ఇతరుల చేతిలో బలవంతంగా పెట్టగల అధికారంతో.

అంబేద్కర్‌గారి విషయం

ఇప్పుడు మన యువకుల మాటకు వద్దాం. అంబేద్కర్‌గారి బొమ్మ నోటు మీద ఉండాలన్న కోరిక ఆవేశం మాత్రమే అనుకునే పెద్దలకు ఒక సంగతి చెప్పాలి. రూపాయి గురించి ఆయనకున్నంత హక్కు మన నాయకుల్లో కొద్దిమందికే ఉంది. 1923లో రూపాయి సమస్య మీద ఆయన రాసిన పుస్తకం లండన్‌లో వెలువడింది. ఆ పరిశోధనకే ఆయనకు అక్కడ డాక్టరేటు వచ్చింది. మన కరెన్సీని పరిశీలించడానికి హిల్టన్ యంగ్ కమిషన్ వచ్చినప్పుడు ఆయన దాని ముందు సాక్ష్యమిచ్చాడు. ఆ కమిషన్ ఒక కేంద్ర బ్యాంకు కావాలని సిఫారసు చేసింది. 1935 ఏప్రిల్ 1న మొదలైన రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచన నుండే వచ్చింది. బడిలో అందరితో కలిసి కుండలో నీళ్ళు తాగనివ్వని పిల్లవాడు, దేశపు డబ్బు ఎలా నడవాలో లోకానికి చెప్పాడు. 1990లోను, 2015లోను ఆయన బొమ్మతో జ్ఞాపకార్థ నాణేలు వచ్చాయి. నోటు మీద కూడా రావాలంటే, నమూనాను రిజర్వ్ బ్యాంకు సిఫారసు మీద కేంద్ర ప్రభుత్వం ఆమోదించాలి. అడగడం పౌరుల హక్కు. ఎవరైనా సంతకం అడిగితే మేము పెడతాం. గాంధీగారి పక్కన ఆయన కూర్చుంటే గాంధీగారికి తక్కువ కాదు. ఘనావాళ్ళు ఆరుగురిని కూర్చోబెట్టారు కదా.

అయితే అదే అంబేద్కర్‌గారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మనల్ని హెచ్చరించాడు. మతంలో భక్తి ఆత్మకు మేలు చేస్తే చేయవచ్చు గాని, రాజకీయాల్లో ఒక మనిషి మీద భక్తి దేశాన్ని దిగజార్చి నియంత చేతిలో పెడుతుందన్నాడు. ఆయన బొమ్మ అడిగేవాళ్ళం ఆయన మాట కూడా వినాలి. బొమ్మ గోడ మీద పెట్టి మాటను గోడ అవతల పారేస్తే ఆయనకు గౌరవం కాదు.

మాట, బొమ్మ

ఒక నోటు తీసి చూడండి. వెనకవైపు భాషల వరుసలో ఉర్దూకు పైన మన తెలుగులో విలువ రాసి ఉంటుంది. ముందువైపు ఆ మొత్తం చెల్లిస్తానని రిజర్వ్ బ్యాంకు గవర్నరు ఇచ్చిన వాగ్దానం, కింద సంతకం. నోటుకు విలువ ఆ మాట వల్ల వచ్చింది. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు వాటి మీద గాంధీగారి ముఖం అలాగే ఉంది. బొమ్మ మారలేదు, మాట మారింది. ఆ తర్వాతి రోజుల్లో బ్యాంకుల ముందు నిలబడ్డవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఎంత గొప్పవారి ముఖమైనా మాట తప్పిన కాగితాన్ని నిలబెట్టలేదని ఆ రోజు తెలిసింది.

ఇంకొక చేదు నిజం. ఎన్నికల ముందు రాత్రి తలుపు తట్టి మన చేతిలో పెట్టే నోటు మీద కూడా గాంధీగారి బొమ్మే ఉంటుంది. కూలివాడికి ఎగ్గొట్టిన కూలి డబ్బు మీద, కట్నం కింద లెక్కపెట్టి తీసుకునే కట్టల మీద కూడా ఆయనే ఉన్నాడు. రేపు అంబేద్కర్‌గారి బొమ్మ వచ్చినా ఓటు అమ్ముకునే చేతిలో అది కూడా లంచపు నోటే. నోటు మీద ఎవరుండాలని టీ కొట్టు దగ్గర గొడవపడే మనం, ఆ నోటు ఎలా వచ్చింది, ఎటు పోతోంది అని ఇంట్లో ఒకసారైనా గొడవపడ్డామా?

ఇప్పుడు ప్రభువు చెప్పిన రెండో మాటకు వద్దాం. దేవుని సొత్తు దేవునికి ఇవ్వమన్నాడు. దేవుని సొత్తు ఏది? క్రీ.శ. 200 ప్రాంతంలో ఆఫ్రికాలోని కార్తేజిలో ఉన్న తెర్తుల్లియను అనే విశ్వాసి దీనికి జవాబు రాశాడు. నాణెం మీద కైసరు రూపం ఉంది, దాన్ని కైసరుకు ఇవ్వాలి. మనిషి మీద దేవుని రూపం ఉంది, మనిషి తననే దేవునికి ఇచ్చుకోవాలి. ఆదికాండము 1:27 మనకు చెప్పేది ఇదే. నరుడు దేవుని స్వరూపమందు చేయబడ్డాడు. మిరప కోతకు వచ్చిన కూలీ స్త్రీ, చెత్త ఊడ్చే సహోదరుడు, నోటి మాట రాని బిడ్డ, మనకు ఓటు వేయని పొరుగువాడు, వీళ్ళందరి మీద ముద్ర దేవునిదే. నోటు నేల మీద పడితే కళ్ళకద్దుకుని తీసుకుంటాం. మనిషి నేల మీద పడితే దాటుకుని పోతున్నామా?

మార్కు 12వ అధ్యాయంలో ఇంకొక డబ్బు కథ ఉంది. అదే దేవాలయంలో ప్రభువు కానుక పెట్టె ఎదుట కూర్చుని చూస్తున్నాడు. బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ఆమె వేసినట్టు ఎవరూ వేయలేదని ఆయన శిష్యులను పిలిచి చెప్పాడు. యూదయలో వేసిన ఆ చిన్న కాసుల మీద ఏ రాజు తలా ఉండదని ముందే చెప్పుకున్నాం. ఒకే అధ్యాయంలో రెండు నాణేలు. కైసరు ముఖం ఉన్న వెండి దేనారాన్ని ప్రభువు అడిగి చూసి, ఎవరిది వాళ్ళకు ఇచ్చేయమన్నాడు. ముఖమే లేని కంచు కాసులను ఆమె వేస్తుంటే చూసి మెచ్చుకున్నాడు. ఆ కాసులు ఇచ్చిన చేతి మీద ఎవరి ముద్ర ఉందో ఆయనకు తెలుసు.

కాబట్టి ప్రియులారా, నోటు మీద ఎవరు ఉండాలన్న సంగతి పౌరులుగా మాట్లాడుకుందాం. కుర్చీలో ఉన్నవాడి బొమ్మ వద్దని, పోయిన పెద్దలను పంచుకుందామని నెమ్మదిగా చెప్పుకుందాం. ఆ మాట మీద సంఘంలో ఎవరమూ ఎవరికీ ముఖం తిప్పుకోవద్దు. వచ్చే ఆదివారం కానుక సంచి మీ దగ్గరికి వచ్చినప్పుడు, అందులో వేసే డబ్బు ఎలా వచ్చిందో ఒక్క నిమిషం తలచుకోండి.

తండ్రీ, నీ రూపంలో మమ్మల్ని చేశావు. ఆ ముద్ర అరిగిపోకుండా మమ్మల్ని కాపాడు. ఎదుటివారి మీద కూడా దాన్ని చూసే కళ్ళు మాకివ్వు. ఆమేన్.